వెనక తలుపుకి అడ్డంగా

నేను ఒక పడకని. మందుబిళ్ళ పేరే నాకూ పెట్టారు, క్యాప్సూల్ అని. ఒక మనిషి వెల్లకిలా పడుకుంటే ఎంత చోటు పడుతుందో కొలిచి, దానికి కాస్త కలిపి, ఫైబరుతో పోతపోసిన పెట్టెని. లోపల పరుపు, చిన్న దీపం, చిన్న ఫ్యాను, ఫోనుకి ఛార్జింగు, అరచేయంత అద్దం. పక్కకి జరిపే తలుపు ఒకటి. లోపల లేచి నిలబడటానికి వీల్లేదు, తల వంచుకుంటే కూర్చోవచ్చు. నగరానికి పనుల మీద వచ్చేవాళ్ళకి తల వంచుకోవడం కొత్త కాదు కాబట్టి ఆ విషయంలో నామీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

హైదరాబాదు పొలిమేరలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. గాజుపీచు పరిచి, దానిమీద ఘాటుగా వాసన కొట్టే జిగురు పులిమి, ఆరబెట్టి, మళ్ళీ పరిచి నన్ను తయారుచేశారు. పనివాళ్ళు మూతికి తువాళ్ళు కట్టుకునేవారు. జిగురు డబ్బాల మీద ఎర్రగా మంట బొమ్మ ఉండేది, నిప్పుకి దూరంగా ఉంచమని. డబ్బా మీద బొమ్మ డబ్బాతోనే పోయింది. నామీద మాత్రం పువ్వుల స్టిక్కరు అంటించారు.

నా మొదటి యజమాని విమానాశ్రయం దారిలో హోటలు పెట్టి, మమ్మల్ని ఒకదానిమీద ఒకటిగా పేర్చాడు. ఇంతలో కరోనా వచ్చింది. ఎదుటివాడి ఊపిరికే భయపడే రోజుల్లో పక్కవాడి గురక వినపడేంత దగ్గరగా ఎవరు పడుకుంటారు? హోటలు మూతపడింది. మేం గోడౌనుకి చేరాం. నా పరుపు ఎలుకలు తిన్నాయి. జనం మళ్ళీ ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాక వెంకటరత్నం అనే ఆయన మమ్మల్నందర్నీ టోకున కొని, కొత్త పరుపులు వేయించి, అమీర్‌పేటలో ఒక సందులో ఉన్న పాత బిల్డింగుకి చేర్చాడు. రెండో అంతస్తు మగవాళ్ళకి, మూడో అంతస్తు ఆడవాళ్ళకి. గిరిధర్ అని ఒక మేనేజరు.

నన్ను ఆడవాళ్ళ హాలుకి మోశారు. వరసలు కుదిరిపోయాక నేనొక్కదాన్నే మిగిలిపోయాను. కొన్నాళ్ళు గోడకి నిలబెట్టి ఉంచారు. అప్పుడే ఆ హాలు సంగతంతా చూశాను. దానికి రెండు తలుపులు. ముందుది మెట్లవైపు. వెనకది ఇనప మెట్లవైపు, అది దిగితే సందులో వెల్డింగు షాపు పక్కన తేలతారు. ఆ ఇనప మెట్ల మీద కింది అంతస్తు మగవాళ్ళు సిగరెట్లు కాల్చుకుంటూ నిలబడేవారు. ఒకరోజు వాళ్ళలో ఒకడు తలుపు తోసి లోపలికి తొంగిచూశాడు.

మెహరున్నీసా వాణ్ణి చెప్పుతో కొట్టింది. ఆమెది నంద్యాల. దగ్గర్లో ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. నెలవారీగా ఈ హాలులోనే ఉంటూ పగలు నిద్రపోయేది. వాణ్ణి తరిమి, నేరుగా గిరిధర్ దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, ఆ తలుపుకి లోపల్నుంచి గట్టి గొళ్ళెం పెట్టించు. మేం నిద్రపోవాలా, కాపలా కాయాలా?"

గొళ్ళెం పెట్టించాలంటే వడ్రంగిని పిలవాలి. గిరిధర్ సులువైన దారి చూసుకున్నాడు. తాళం వేసి, తాళంచెవి తన సొరుగులో పడేసుకున్నాడు. "ఇంక ఈగ కూడా రాదు సిస్టర్," అన్నాడు. తర్వాత కొన్నాళ్ళకి వెంకటరత్నం వచ్చి హాలంతా కలయజూశాడు. "ఎలాగూ మూసేసిన తలుపేగా, ఆ జాగా ఎందుకు వదిలేశావు?" అన్నాడు. అంతే. నన్ను ఎత్తి ఆ తలుపుకి అడ్డంగా పెట్టి, కాళ్ళు నేలకి బోల్టులేసి బిగించారు. నా వీపు తలుపుని ఆనుకుంది. గుమ్మం పైకమ్మీ ఒక్కటే నా నెత్తిమీదుగా కనిపించేది.

నన్ను ఎంచుకునేవాళ్ళ ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. వేడినీళ్ళు వస్తాయా, వైఫై ఎలా ఉంటుంది, బాత్రూము ఎంతమందికి ఒకటి, దుప్పట్లు ఉతుకుతారా, ఫోటోలో ఉన్నట్టే ఉంటుందా. ఒకావిడ నా గోడని వేలితో కొట్టి చూసింది, కుండ కొనేటప్పుడు కొట్టినట్టు. అందరికీ నేనే ముందు కావాలి. నామీద ఇంకో పడక లేదు, నిచ్చెన ఎక్కే పని లేదు, మూలకి ఉన్నాను, ఇటు ఎవరూ నడవరు. గిరిధర్ నన్ను 'స్పెషల్' అని చెప్పి ఇచ్చేవాడు.

సూరీడమ్మ అలాగే వచ్చింది.

ఆమె భర్త గౌరునాయుడు సాలూరు డిపోలో బస్సు నడిపి రిటైరైన మనిషి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళందర్నీ ఊళ్ళు తిప్పాడు గానీ, భార్యని విజయనగరం దాటించలేదు. రిటైరయ్యాక హైదరాబాదు చూపిస్తానని మాటిచ్చాడు. పెళ్ళి లేదు, పేరంటం లేదు, ఆసుపత్రి పని లేదు. ఊరికే చూడ్డానికి రావడం అనేది వాళ్ళ వంశంలోనే మొదటిసారి. ముందు రెండు లాడ్జీలు చూశారట. ఒకదాని అద్దె చుక్కలనంటింది. రెండోదాంట్లో దుప్పటి చూసి సూరీడమ్మ గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది. ఎవరో ఈ క్యాప్సూళ్ళ సంగతి చెప్పారు. శుభ్రం, చవక, ఏసీ, ఆడవాళ్ళకి వేరుగా హాలు. గౌరునాయుడికి నచ్చింది.

హాలు గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసి ఆమె బుగ్గ నొక్కుకుంది.

"ఇదేటి మావా, బీరువాల్లో పడుకోవాలేటి?"

"బీరువా కాదే. రైల్లో బెర్తు లాటిది. తలుపున్న బెర్తు."

"మరి నువ్వెక్కడ?"

"కింద. ఆడా మగా వేరంట."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "పోనీలే. పెళ్ళయ్యాక ఒక్క పూటైనా నీ గురక నేకుండా పడుకుంతాను," అంది. గిరిధర్ కూడా నవ్వాడు.

ఆమెవి నొప్పుల మోకాళ్ళు. భారీ మనిషి. నిచ్చెన వైపు చూసి తల అడ్డంగా ఊపింది. గిరిధర్ నన్ను చూపించాడు. వచ్చి కూర్చుంది. పరుపు నొక్కి చూసింది. తలెత్తి నా పైనున్న గుమ్మం కమ్మీ చూసి, "ఈ గుమ్మం ఎటు పోతాది బాబూ?" అని అడిగింది.

"అది వాడమండీ."

"అయితే గాలి జొరబడదు. నాకిదే బాగుంది," అని కాళ్ళు పైకి పెట్టుకుంది.

మూడు రోజులు వాళ్ళు ఊరు తిరిగారు. మెట్రో ఎక్కి ఈ చివర్నుంచి ఆ చివరికి పోయి, దిగకుండా మళ్ళీ వెనక్కి వచ్చారు. చార్మినారు చూశారు, మ్యూజియంలో కాళ్ళు పోయేదాకా నడిచారు. సాయంత్రం ఆమె నాలో కూర్చుని కాళ్ళకి నూనె రాసుకుంటూ, డ్యూటీకి తయారవుతున్న మెహరున్నీసాకి చూసిందంతా చెప్పేది. మెహరున్నీసా జడ వేసుకుంటూ వినేది. ఆ హాలులో ఎవరి మొహాన వాళ్ళు తలుపు లాక్కుని పడుకోవడమే గానీ, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేను అదే చూడటం.

"నువ్వేటి చూసేవే ఈ ఊర్లో?" అని అడిగింది సూరీడమ్మ.

"వార్డు చూశానమ్మా. ఈ హాలు చూశాను."

"ఎన్నేళ్ళయింది వచ్చి?"

మెహరున్నీసా పిన్ను పళ్ళమధ్య పట్టుకుని నవ్వింది.

"రేపు మాతో జూకి రా. డ్యూటీ నించి వచ్చి కాసేపు తొంగో. నువ్వు లేచేదాకా మేం ఉంతాం. ముగ్గురం ఎల్దాం."

"మీరు పొద్దున్నే వెళ్ళిపోండమ్మా, ఎండెక్కుతుంది."

"పులి ఎక్కడికి పోతాది? బోన్లోనే కదా ఉంతాది," అంది సూరీడమ్మ.

మర్నాడు మెహరున్నీసా డ్యూటీ నుంచి వచ్చి పడుకుంది. హాలు దాదాపు ఖాళీ. ఏదో పరీక్ష రాయడానికి ఖమ్మం నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్ళిద్దరు ఒక పై పడకలో కూర్చుని గుసగుసగా చదువుకుంటున్నారు. సూరీడమ్మ కొత్త చీర కట్టుకుని, నాలో కూర్చుని ఎదురుచూస్తోంది. మధ్యాహ్నమైంది. ముగ్గురికీ భోజనం పట్టుకొస్తానని గౌరునాయుడు సందు చివర కర్రీ పాయింటుకి వెళ్ళాడు.

రెండో అంతస్తు నుంచి మా హాలుకి ఎక్కే మెట్ల మలుపులో కరెంటు బోర్డు ఉంది. ఎండాకాలం కావడంతో అన్ని ఏసీలూ దానిమీదే నడుస్తున్నాయి. దాని పక్కనే గిరిధర్ పాత స్పాంజి పరుపులు గుట్టగా పేర్చి పెట్టాడు, పారేయడానికి మనిషి దొరకలేదని. బోర్డులో ఏదో టపామని పేలిన చప్పుడైంది. దీపాలు పోయాయి. ఏసీ ఆగిపోయింది. ఖమ్మం పిల్లల్లో పెద్దది, భార్గవి, "కరెంటు పోయినట్టుందే" అంది. చెల్లెలు ముక్కు ఎగబీల్చి, "ఏదో కాలుతోందక్కా" అంది.

ముందు తలుపు కింది సందులోంచి పొగ లోపలికి వచ్చింది. నల్లగా, చిక్కగా, నేలమీద పాకుతూ. ఆ పిల్లలు కేక పెట్టారు. మెహరున్నీసా లేచి పరుగెత్తి తలుపు తెరిచింది. ఎదురుగా మెట్లు లేవు, మంటే ఉంది. గబుక్కున మూసేసింది. చెంబుతో నీళ్ళు తెచ్చి దుప్పట్లు తడిపి గుమ్మం కింద కుక్కింది.

"వెనక్కి రండి! వెనక తలుపు!" అని అరిచి నా వైపు తిరిగింది. అక్కడ ఆగిపోయింది.

నలుగురూ నన్ను పట్టి లాగారు. కాళ్ళకి బోల్టులున్నాయి. నేను కదల్లేదు. మెహరున్నీసా నా పక్క సందులోంచి చెయ్యి దూర్చి తలుపుని బాదింది. చెయ్యి వాచేదాకా బాదింది. "తాళంచెవి వాడి సొరుగులో ఉంది," అంది. ఎవరితోనూ కాదు, తనలో తను.

అప్పుడు బయట ఇనప మెట్లు దడదడలాడాయి.

"సూరీడూ!"

"ఇక్కడే ఉన్నాను మావా! పిల్లగుంటలున్నారు. బేగి తియ్యి!"

గౌరునాయుడు పొగ చూసి, చేతిలో పార్సిలు పారేసి, ముందు మెట్లు ఎక్కబోతే జనం పట్టుకున్నారట. విదిలించుకుని సందులోకి పరుగెత్తి, వెల్డింగు షాపు యాదగిరిని కేకేశాడు. యాదగిరి గునపం, సుత్తి పట్టుకుని వెనకాలే ఎక్కాడు. ఇద్దరూ తలుపు చెక్కని పొడిచారు. చెక్క పగిలింది. తలుపు తెరుచుకుంటే కనపడాల్సిన చోట నా వీపు కనపడింది.

"ఇదేటిది? గోడ కట్టేసారా?" అన్నాడు గౌరునాయుడు. ఆ గొంతు నేను మర్చిపోలేను.

గునపం నా వీపులో దిగింది. నొప్పి అనే మాట వస్తువుకి తగదు, కానీ ఆ పోటు ప్రతిదీ త్వరగా పడాలని కోరుకున్నాను. పెచ్చులు పెచ్చులుగా ఊడాను. వెలుతురు పడింది. ఒక మనిషి భుజాలు ఒరుసుకుంటూ పట్టేంత కంత. అంచులు గాజు ముక్కల్లా ఉన్నాయి.

హాలుకి అవతలి కొసన నా తోబుట్టువులకి అంటుకుంది. మాలోని జిగురు భగ్గున మండుతుంది. వదిలే పొగ కళ్ళు తెరవనివ్వదు. మెహరున్నీసా చిన్నపిల్లని నాలోకి నెట్టింది. ఆ పిల్ల పరుపు మీద పాకి కంతలోంచి చేతులు చాచింది. అవతల గౌరునాయుడు పట్టి లాగాడు. పిల్ల మొహం చూశాడు, యాదగిరికి అందించాడు. తర్వాత భార్గవి. లాగాడు. మొహం చూశాడు. అందించాడు.

"మీరు ఎక్కండమ్మా," అంది మెహరున్నీసా దగ్గుతూ.

"నువ్వెల్లు."

"అమ్మా, టైము లేదు!"

"టైము లేదనే చెప్తన్నాను. నా ఒళ్ళు చూసావు కదా? నాను మధ్యలో ఇరుక్కున్నానంటే నీకు దారి ఉండదు. ఎల్లవే!" అని సూరీడమ్మ ఆ అమ్మాయి నడుం పట్టుకుని, పసిపిల్లని ఉయ్యాల్లో వేసినట్టు ఎత్తి నాలో పడేసింది.

గౌరునాయుడు చేతుల్ని పట్టుకున్నాడు, లాగాడు. మెహరున్నీసా. ఆమె మొహం చూసి అతనికి ఏమనిపించిందో నేను చెప్పలేను. ఆమెని దింపి, తల కంతలో పెట్టి, పొగలోకే "సూరీడూ" అని పిలిచాడు.

ఆమె వచ్చింది. మోకాళ్ళ మీద పాకుతూ నాలోకి వచ్చింది. చేతులు ముందుకు చాచింది. అతను రెండు చేతుల్నీ పట్టుకున్నాడు. తల బయటికి వచ్చింది, భుజాలు వచ్చాయి. అక్కడ ఇరుక్కుంది. యాదగిరి అంచులు కొడుతున్నాడు. "కొంచెం, ఇంకొంచెం, ఊపిరి బిగబట్టే," అంటున్నాడు గౌరునాయుడు. నాలోపల ఆమె కాళ్ళు కొంతసేపు తన్నుకున్నాయి. తర్వాత తన్నుకోలేదు.

అంచు విరిగాక ఆమెని బయటికి లాగారు. ఇనప మెట్ల మీదే మెహరున్నీసా ఆమె గుండె మీద రెండు చేతులూ పెట్టి నొక్కింది. అంబులెన్సువాళ్ళు వచ్చి పక్కకి జరగమనేదాకా నొక్కుతూనే ఉంది. వాళ్ళు జరగమన్నది ఇంక అవసరం లేదని. ఆ మాట నర్సుకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

కింది అంతస్తు మగవాళ్ళంతా ముందే బయటపడ్డారు. 'తప్పిన పెను ప్రమాదం, ఒకరి మృతి' అని పేపర్లో వేశారట. ఆ ఒకరి పేరు రెండో పేరాలో ఉందట.

నేను పూర్తిగా కాలలేదు. ఫైరింజను నీళ్ళు సమయానికి నామీద పడ్డాయి. సగం కాలి, వీపు పగిలిన నన్ను సాక్ష్యం అని చెప్పి పోలీసు స్టేషను ఆవరణలోకి తెచ్చారు. ఇక్కడ నా చుట్టూ ప్రమాదాల్లో నలిగిన ఆటోలు, మోటారు సైకిళ్ళు ఉన్నాయి. గిరిధర్ జైలుకి వెళ్ళాడు. వెంకటరత్నం బెయిలు మీద వచ్చాడు. ఆ తలుపు సంగతి తనకి తెలియదని, మేనేజరే చూసుకునేవాడని చెప్పాడట.

వాంగ్మూలం ఇవ్వడానికి గౌరునాయుడు వచ్చాడు. పని అయ్యాక నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ముట్టుకోలేదు. కాసేపటికి మెహరున్నీసా వచ్చింది. ఆమె చేతికి ఇంకా కట్టు ఉంది.

"నాన్నా, మీకు ఒక మాట చెప్పాలి," అంది. "ఆ తలుపు మూయమని అడిగింది నేనే."

అతను నా వీపులోని కంతనే చూస్తున్నాడు.

"నేను నిద్రలేచేదాకా ఆగినందుకే అమ్మ అక్కడ ఉండిపోయింది. లేకపోతే మీరు పొద్దున్నే జూకి వెళ్ళిపోయేవారు."

గౌరునాయుడు చాలాసేపు ఆమె వైపు చూడలేదు. కోపం వచ్చిందనే నేను అనుకున్నాను. వచ్చే ఉంటుంది కూడా. దవడ కదిలింది. రోడ్డు మీద పోతున్న బస్సు వెళ్ళేదాకా చూశాడు.

"తలుపు మూయమని ఎందుకడిగేవు?" అన్నాడు చివరికి.

"మగవాళ్ళు తొంగిచూసేవారు."

"మరి ఆడపిల్ల అడగదా?" అన్నాడు. గొంతు గట్టిగానే ఉంది. "గొళ్ళెం అడిగితే తాళం ఏసినోడు ఒకడు. తాళం చాలక పెట్టె అడ్డం పెట్టినోడు ఇంకొకడు. జైల్లో ఉన్నోడూ బయటున్నోడూ హాయిగా తిని తొంగుంతన్నారు. నువ్వేటి ఈ ఏడుపు?" ఆగి, గొంతు తగ్గించాడు. "నిన్ను బయటికి తోసింది అది. ఆ తోపుకి విలువుంచు. ఇంక నా దగ్గర ఈ మాటెత్తకు."

మెహరున్నీసా నేలమీద కూర్చుండిపోయింది. అతను ఓదార్చలేదు. తన నీళ్ళ సీసా ఆమె పక్కన పెట్టి అటు తిరిగి నిలబడ్డాడు.

కేసు నడుస్తోంది, ఆ సంగతులు పోలీసుల మాటల్లో వింటున్నాను. వాయిదా పడిన ప్రతిసారీ గౌరునాయుడు సాలూరు నుంచి రాత్రి బస్సుకి వస్తాడు, కోర్టులో ఇంకో తేదీ విని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాడు. ఊళ్ళో ఎక్కడా పడుకోడు. మెహరున్నీసా ఇద్దరు నర్సులతో కలిసి గది తీసుకుంది. అన్నం డబ్బా కోర్టుకే తెచ్చి ఇస్తుంది.

మొన్న ఒక లాడ్జి మేనేజరు గౌరునాయుణ్ణి రెక్క పట్టుకుని ఈ స్టేషనుకి తీసుకొచ్చాడు. కిటికీ నాకు దగ్గరే, మాటలన్నీ వినపడ్డాయి.

"సార్, ఈ ముసలాయన రూము అడగడు. నేరుగా లోపలికి పోయి వెనక్కి వెళ్ళి తలుపులు లాగి చూస్తున్నాడు. పక్క హాస్టల్లో కూడా ఇదే పని చేశాడట. దొంగేమోనని పట్టుకొచ్చాను."

ఎస్సై గుర్తుపట్టాడు. "ఏంటి నాయుడుగారూ ఇది?"

"తెరుచుకుంతాదో నేదో చూస్తన్నాను బాబూ."

"మీకేం అధికారం ఉందని?"

"అధికారం ఏటి నేదు."

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "మరి తెరుచుకుందా తాతా?"

"పక్కోళ్ళది తెరుచుకుంది," అన్నాడు గౌరునాయుడు. "ఈ బాబుగారిది తెరుచుకోనేదు."

లోపల కుర్చీ వెనక్కి జరిగింది. ఎస్సై బయటికి వచ్చి డ్రైవరుని కేకేశాడు. మేనేజరు "సార్, సార్, అది మరమ్మతులో ఉందండీ" అంటూ వెనకే వచ్చి జీపు వెనక ఎక్కాడు. డ్రైవరు పక్కన ఎస్సై చూపించిన చోట గౌరునాయుడు కూర్చున్నాడు. పొద్దు వాలుతోంది, అతని బస్సుకి వేళవుతోంది. అతను గడియారం చూసుకోలేదు. జీపు నా పక్కనుంచే గేటు దాటి వెళ్ళింది.